ముద్ర పడని పుస్తకం

కొత్తపేట, 1953 జూన్ 4

భాస్కరం వచ్చాడు. స్వేచ్ఛాకవి! ఇప్పుడు మా గ్రంథాలయం కమిటీకి అధ్యక్షుడు. ఇస్త్రీ మడత నలగని ఖద్దరు. ముక్తేశ్వరం బడిపంతులు సత్యం అచ్చువేయించుకున్న వచన కవితల పుస్తకం నా ముందు పడేశాడు. పాలేర్ల మీద, కమిటీల మీద, మంత్రుల మీద రాతలట.

“దీనికి ముద్ర వెయ్యకండి మాస్టారూ.”

కార్యదర్శిగా నా ముద్ర పడితేనే పుస్తకం బీరువాలోకి వెళ్తుంది.

“ఏం?”

“దేశం ఇప్పుడిప్పుడే కుదురుకుంటోందండీ. ముందు క్రమం ఉండాలండి. స్వేచ్ఛ ఎక్కడికి పోతుందండీ?”

ఛందస్సు సంకెళ్ళు తెంచానని ఊరూరా అరిచిన నోరు అది.

జూన్ 5

కవిత్వంలో గణాలు వద్దన్నవాడికి దేశంలో మాత్రం అందరూ గణాలు తప్పకుండా నడవాలి. నేను ఛందస్సుకు జీవితమంతా కాపలా కాశాను. కాని అది నా మీద నేను పెట్టుకున్న నియమం. ఇంకొకడి మెడకు తగిలిస్తే పలుపు... ఈ మాట వాడి మొహం మీదే అంటాను.

జూన్ 7

అన్నాను. వాడు నవ్వాడు.

“తమరేనా అండీ చెప్పేది? ఇరవై ఏళ్ళ కిందట నా మొదటి పుస్తకానికి ముద్ర వెయ్యనన్నది ఎవరండీ? ఒక్క పేజీ వేళ్ళ మీద లెక్కపెట్టేరు. గణాలు లేవు, పట్టుకుపో అన్నారు. ఎలా ఆపాలో తమరి దగ్గరే నేర్చుకున్నానండి.”

మా ఇంటి కాఫీ తాగి మరీ అన్నాడు. నిజం చెప్పాడు, వెధవ. అదే మంట.

జూన్ 8

కాలవలకు నీళ్ళు వదిలారు. లాకు దగ్గర జనం కేరింతలు. నాకు ఉక్కపోత.

జూన్ 9

సత్యం సైకిలు మీద వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

“ముద్ర వెయ్యరని భాస్కరంగారు చెప్పేరండి. పోనీలెండి. తమరు చదివేరా అని...”

“చదివాను.” అబద్ధం.

“ఏది బాగుందండీ?”

“కళ్ళు మండుతున్నాయి, తర్వాత రావోయ్.”

“ఆయ్” అని దండం పెట్టి వెళ్ళిపోయాడు. వాడికి తెలిసిపోయింది.

జూన్ 10

పొద్దున కూర్చుని చివరిదాకా చదివాను. సగం చెత్త. యతి లేదు, ప్రాస లేదు, సిగ్గూ లేదు. ఒక చోట మాత్రం — కళ్ళంలో అందరూ వెళ్ళిపోయాక మట్టిలోంచి గింజలు ఏరుకునే మనిషి. అక్కడ ఆగిపోయాను. మళ్ళీ చదివాను.

రేపు కమిటీ. ముద్ర వేస్తే భాస్కరం మీద కసితో వేశాడంటారు. కసి లేదా? ఉంది. అది తీసేస్తే ముద్ర వెయ్యడానికి ఆ పద్యం ఒక్కటీ మిగులుతుందా...

పద్యం అని రాశాను. కొట్టెయ్యాలని కలం ఎత్తి, దించేశాను. రేపు నలుగురి ముందూ ఆ మాట నోట వస్తుందో, రాదో.