బాపు మాది కాదన్న గుర్రం

అక్టోబర్ 1948, హుజూర్‌నగర్

నేను మొదట ఎక్కిన గుర్రం, మా చుక్కి, ఇవాళ బాపుతో పోతుంటే మిలిటరీ క్యాంపు ముందు కట్టేసి కనబడింది. దగ్గరికి పోగానే బెల్లం కోసం నా జేబులో మూతి పెట్టింది. చిన్నప్పుడూ అంతే, బెల్లం తినిపించందే ఎక్కనిచ్చేది కాదు.

మిలిటరీ వెతికి పట్టుకుంటున్న సంఘపోళ్ల, అంటే కమ్యూనిస్టుల, దగ్గర దొరికిందట. మీదేనా అని జవాను అడగ్గానే బాపు, "మాది గాదు సాబ్. మా గుర్రాన్ని రజాకార్లు గుంజుకపోయిండ్రు" అన్నాడు.

ఏడాదిగా నాకూ అదే చెప్పాడు. కానీ దాని జీను కింద ఉన్నది అమ్మ కుట్టిన బొంత. గుంజుకుపోయేవాళ్లకు బొంత వేసి ఎవరిస్తారు? బాపే సంఘానికి ఇచ్చాడా?

ఇంటికొచ్చి అడిగితే, "ఎవ్వలతోని అనకు బిడ్డా" అన్నాడు బాపు. అమ్మ మాత్రం, "చుక్కి బక్కగయిందా?" అంది.

అమ్మకూ తెలుసన్నమాట.

రేపు బెల్లం పట్టుకుని పోవాలో, అసలు ఆ దారినే పోకూడదో తెలియడం లేదు.