మూటల కోసం వేసిన పలకలు

ఆదివారం, ఆలూరు

ఇంకా గాలిలో తేలినట్లే ఉండాది. కోత పండుగకు కానుకగా వచ్చిన శెనక్కాయ మూటలు తోపుడు బండి మీద లోపలికి తోసేదానికి, చర్చి మెట్ల మీద చెక్క పలకలు వాలుగా పరిచినారు. ఎప్పుడూ ఏసన్న మామ, ఇంకొకరు నన్ను చక్రాల కుర్చీతోనే ఎత్తుకొని పోతారు. ఈ పొద్దు మూటల ఎనకాలే, చక్రాలు నేనే తిప్పుకుంటా లోపలికి పోయినా. కలలో మాదిరి, మెట్లే లేనట్లు.

నా కాళ్లను చూసి డాక్టరు నరాల జబ్బంటాడు. అవ్వ దేవుని పరీక్షంటాది. పాస్టరయ్య ఎప్పటిమాదిరే నా తల మీద చెయ్యి పెట్టి, "ఈ బిడ్డను నడిపించు ప్రభువా" అన్నాడు. ఆమెన్ అనేది మరిచిపోయినా. అప్పటికే నేను వచ్చేసినా గదా.

సాయంత్రం ఏసన్న మామ పలకలు తీస్తాంటే, "ఉండనీ మామా" అన్నా.

"ఇంకెందుకు పాపా? నిన్ను ఎత్తేదానికి మేముండాం గదా" అన్నాడు, శానా ప్రేమగా.

నా కాళ్ల సంగతి దేవుడు చూసుకుంటాడులే. ఆ పలకల సంగతి ఎవరికి చెప్పుకోవాల...