సే అగేన్

జూన్ 3, మంగళవారం
మా ఆయనకు కొత్త రోగం పట్టింది. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ పిల్లలకు ఉమాకాంత్ సార్ అంటే జాగ్రఫీలో పెద్ద పేరు. ఇంటికి రాగానే ఆ సారు హెడ్‌సెట్ తగిలించుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటాడు, తలుపు దగ్గరికి వేసేసి. ఏందని అడిగితే కంప్యూటర్‌లోనే విమానం నడుపుతున్నడట. స్కూటర్ మీద నారాయణగూడ సిగ్నల్ దాటడానికే వణికే మనిషి!

జూన్ 5
చాయ్ ఇవ్వడానికి వెళ్లాను. హెడ్‌సెట్‌లోంచి ఆడగొంతు. బయటికి వినబడేంత గట్టిగా, ఇంగ్లిష్‌లో. అక్కడ పెట్టమని నాకు చెయ్యి ఊపాడు. మొహం వెలిగిపోతోంది.

జూన్ 7
తలుపు దగ్గర నిలబడి విన్నాను. సిగ్గేం లేదు. ఆమె ఏదంటే అది ఈయన తిరిగి అప్పజెబుతున్నాడు. నాలుగు వేల అడుగులకు దిగమంటే దిగుతున్నానంటాడు, ఎడమకు తిరగమంటే ఎడమకే. చివర్లో థాంక్యూ మేడమ్! పెళ్లయిన ఇన్నేళ్లలో నా మాట ఒక్కటైనా ఇలా తిరిగి చెప్పాడా? చిక్కడపల్లి మార్కెట్ మీదుగా వస్తూ పెరుగు తెమ్మంటే వట్టి చేతులతో వస్తాడు.

జూన్ 8
కింది పోర్షన్ కుసుమకు చెప్పాను. మొగోళ్లు ఈ వయసులనే ఖరాబైతరక్కా, జర ఫోన్ చూడు అంది. చూశాను. ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే నాకు అనుమానం.

జూన్ 11
ఎవరామె అని వంటింట్లోంచే అడిగేశాను. పలకలేదు. దగ్గరికెళ్లి మళ్లీ అడిగితే పచ్చడి బాగుందన్నాడు. చెవుడా, నటనా అని అరిచాను. అన్నం ముందు నుంచి లేచిపోయాడు. తప్పు చేయనివాడు లేచిపోతాడా?

జూన్ 14, శనివారం, సాయంత్రం ఏడు


ఆయన స్నానానికి వెళ్లగానే హెడ్‌సెట్ పెట్టుకున్నాను. అబ్బా! చెవులు పగిలిపోయాయి. ఆ పిల్ల గొంతు వినాయకుడి మండపం మైకులా మోగుతోంది. మాట్లాడేటప్పుడు ఆయన నొక్కే మీటే నొక్కి, ఎవరే నువ్వు అన్నాను.

 ఆ పిల్ల తెలుగులో, ఆంటీ, ఇది అందరిదీ ఒకటే లైన్, పైలట్లందరు వింటున్నరు అంది. ఎవడో కిసుక్కున నవ్వాడు కూడా. తల కొట్టేసినట్టయింది. అయినా నేను వదల్లేదు.

పేరు అనూహ్య అట. అడిక్‌మెట్‌లో ఉండి ఇంజనీరింగ్ చదువుతోందట. ఈ ఉత్తుత్తి విమానాలకు నిజం టవర్‌లో చెప్పినట్టే దారి చెప్పడం తన సరదా అట. చెప్పింది తిరిగి చెప్పడం ఇక్కడ రూలట. అంకుల్ మంచిగ నడుపుతడు ఆంటీ, ‘సే అగేన్’ అని జర ఎక్కువ అడుగుతడు, గంతే అంది. వినబడకపోతే అలా అడగడం తప్పేం కాదట. ఎన్నిసార్లయినా చెప్తదట.

హెడ్‌సెట్ తీసి వాల్యూమ్ చూశాను. చివరిదాకా పెంచి ఉంది.

జూన్ 15
ఈసారి ఎదురుగా కూర్చుని అడిగాను. ఏడాది నుంచి సరిగ్గా వినబడట్లేదట. తెలిస్తే ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తీసేస్తరని భయమట. క్లాసులో డౌట్లన్నీ చీటీల మీద రాయించుకుంటున్నాడట. నాకెందుకు చెప్పలేదు అన్నాను. రెండోసారి అడిగితే నీకు కోపమొస్తది గద, ఆ లైన్ల ఎవ్వరికి రాదు అన్నాడు.

నా నోరు పాడుగాను. ఏడుపు ఆగలేదు.

జూన్ 19
బర్కత్‌పురలో చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. చెవికి మిషన్ పెట్టాలన్నాడు. పెట్టుకునే క్లాసుకు పోతారా లేదా అని ఆటోలో అరిచాను. ఆయనకు వినబడాలనే అరిచాను. ఆటో అతను బెదిరిపోయాడు. ఈయన మాత్రం, తీసేస్తే తియ్యనీ, పోత అన్నాడు.

జూన్ 24
రేపు మిషన్ వస్తుంది. అందుకే ఇవాళే, ఆయన పేపర్ చదువుకుంటుంటే వెనక నిలబడి, ఆ పిల్ల మీద ఎంత కుళ్లుకున్నానో అంతా చిన్న గొంతుతో చెప్పేశాను.

తల తిప్పలేదు. నవ్వాపుకుంటున్నట్టు భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

ఏం విన్నాడో ఏమో.