కదలని తెలుపు

ఎమ్మిగనూరు,
14-9-1959, సోమవారం.

చిరంజీవి మహానందికి మీ అవ్వ ఆశీస్సులు.

ఇక్కడ మీ నాన్న, మీ అమ్మ, నేను బాగున్నాము. నీ చెల్లెలు తాయమ్మ సంగతి కింద రాస్తాను. నిజానికి ఈ ఉత్తరం మీ నాన్న రాయవలసింది. నిన్న కార్డు కొని తెచ్చి కలం తీశాడు. వాడు రాస్తే అందులో ఒక అబద్ధం ఉంటుంది. అది అబద్ధమని వాడికి తెలియదు. అందుకని కార్డు పక్కన పెట్టించి నేనే కాగితం తీశాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. తాయమ్మకు చూపు చెదరడం ఉగాది నుంచి పదకొండుసార్లు వచ్చింది. తక్కువలో తక్కువ పద్దెనిమిది నిమిషాలు, ఎక్కువలో ఎక్కువ ఇరవై ఆరు. ప్రతిసారీ గోడ గడియారం చూసి పుస్తకంలో రాశాను. మొదట చూపు నడుమ ఆవగింజంత మెరుపు పుడుతుంది. అది రంపపు పళ్లలాగా వంకరలు తిరుగుతూ పక్కకు జరుగుతుంది. జరిగిన మేర ఏమీ కనిపించదు. చూపు తిరిగి వచ్చాక తలనొప్పి.

మగ్గం దగ్గరే వస్తుందా అని అడిగావు. కాదు. మీ నాన్నకూ ఆ అనుమానమే ఉండేది.

"మగ్గమెక్కితేనే వస్తాదేమే నీకు ఆ జబ్బు? జాతరకు పోతే రాదే!" అన్నాడు ఒకరోజు.

"జాతరలోనూ వచ్చింది నాయనా. మిఠాయి అంగడి సగం మాయమైపాయె. కనపడిన సగంలోనే నువ్వు కొనిచ్చినావు" అంది అది. మీ నాన్నకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు విని పది రోజులు దాటింది.

మీ కాలేజీలో నీవు చేస్తున్న కప్పల పరీక్షల సంగతి అర్థమయిందా అని అడిగావు. అర్థమయింది. కప్ప కంటి లోపలి తెరను ఉప్పునీటిలో బతికించి, దానిమీద పొటాషియం ఉప్పు కణం ఒకటి తాకిస్తే, తాకినచోటి నుంచి పాలలాంటి తెలుపు మెల్లగా చుట్టూ పాకుతుందని రాశావు. నిమిషానికి వడ్లగింజ వెడల్పు కూడా ఉండదన్నావు. తడి నూలుమీద రంగుబొట్టు పాకే తీరు నాకు తెలుసు, అందువల్ల బోధపడింది. తెలుపు పాకిన మేర ఆ తెర వెలుతురుకు బదులు పలకదు. కొంతసేపటికి మళ్లీ పలుకుతుంది. అదే నీటిలో మెగ్నీషియం మోతాదు పెంచితే ఆ అల పుట్టదు, పుట్టినా సాగదు. మనిషి తలలో కూడా ఇలాంటి అలే పాకి తాయమ్మ చూపును చెదరగొడుతున్నదేమోనని మీ ప్రొఫెసరు అనుమానమన్నావు. "ఇది కప్ప కంటి మాట అవ్వా, మనిషికి మందు కాదు" అని రాసి కింద గీత గీశావు. ఆ గీతను కూడా చూశాను.

ఇంటిలో ఇంకెవరికైనా ఇది ఉందా అన్నది నీ చివరి ప్రశ్న. ఇదివరకు రెండు ఉత్తరాలలో లేదని రాశాను. దాని సంగతీ కిందే.

రంగుల కొట్టంలో, భేదికి తాగే తెల్ల ఉప్పు డబ్బా ఒకటి ఉంది. మెగ్నీషియం ఉన్నది దానిలోనే. ఈ నెల నాలుగో తేదీ నుంచి దానిని కాచి చల్లార్చిన నీటిలో కలిపి, ఉదయం ఏడు గంటలకు తాయమ్మ కంటిలో రెండేసి చుక్కలు వేశాను. రెండు రోజులు కొంచెం చురుక్కుమంది, అంతే. పుస్తకంలో రాశాను.

మూడో రోజు ఆదివారం. ఏడు కావడానికి పది నిమిషాలుండగా నాకే వచ్చింది. అవును, నాకూ ఉంది. మీ నాన్న పుట్టిన సంవత్సరం నుంచి ఉంది. బడిలో పాఠం చెబుతూ బోర్డు సగం కనిపించక, ఆ సగాన్ని గుర్తుమీద చదివి గడిపేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చూపు సరిలేని పంతులమ్మ లెక్కలను ఎవరు నమ్ముతారు?

డబ్బా మీద చీటీ నా చేతిరాతే. ఆ అక్షరాలున్నచోట నాకు మెరుపు తప్ప ఏమీ లేదు. మీ అమ్మను పిలిచి చదివించుకుంటే సరిపోయేది. అరగంట ఆగినా సరిపోయేది. పుస్తకంలో ఏడు గంటల గడి ఖాళీగా ఉంటుందని ఆగలేదు. తడిమి తీసుకున్న డబ్బా బట్టలసోడాది.

"అవ్వా, మంట! నిన్నటి మాదిరి లేదవ్వా!" అంది ఎడమకన్ను పట్టుకుని.

"కదలద్దు. ఇరవై దాకా లెక్కపెట్టు" అన్నాను.

నీ చెల్లెలు ఇరవై దాకా లెక్కపెట్టింది.

మీ అమ్మ పరుగెత్తి వచ్చి కడవల నీళ్లతో కడిగింది. ఆ రోజే బస్సులో ఆదోని తీసుకుపోయినాము. ఏం వేశారని డాక్టరు అడిగితే, "మా పిల్లోడు మద్రాసు నుంచి రాసిన ఉప్పు సార్" అని మీ అమ్మ చెప్పింది. "ఆ ఉప్పుకు ఇంత పుండు కాదే" అన్నాడాయన. నేను పక్కనే ఉన్నాను. ఆ సాయంత్రం కొట్టంలో చెంచా ఏ డబ్బాలో ఉందో చూశాను. చూసి కూడా మాట్లాడలేదు. ఎనిమిది రోజులుగా మీ నాన్న, "వాని సదువు నా బిడ్డ కన్ను తినింది. కాలేజీ ఇడిసి రమ్మని రాస్తా" అంటుంటే వింటున్నాను.

ఎడమకంటి నల్లగుడ్డు మీద తెలుపు కమ్మింది. నీ కప్ప కంటిలో తెలుపు పాకి పోతుందన్నావు. రోజూ ఏడు గంటలకు చూస్తున్నాను. ఇది కదలడం లేదు.

ఇక జరగవలసినవి:

1. ఈ ఉత్తరాన్ని ఇప్పుడే మీ నాన్నకు, అమ్మకు చదివి వినిపించి, తర్వాతే పోస్టు డబ్బాలో వేస్తాను.

2. రేపు మొదటి బస్సుకు ఆదోని పోయి, వేసింది సోడా అని డాక్టరుకు నా నోటితో చెబుతాను.

3. మద్రాసులో పెద్ద కంటి డాక్టరును అడిగి, తాయమ్మను ఎప్పుడు తీసుకురావాలో నీవు తంతి ఇవ్వాలి.

4. నీవు చదువు మానకూడదు. మీ నాన్న రమ్మన్నా రాకూడదు.

5. చూపు పుస్తకం ఇకమీదట మీ అమ్మ రాస్తుంది. అందులో నా పేరు మీద కూడా ఒక పుట తెరవాలి.

6. తాయమ్మ కట్టు కట్టిన కన్ను పట్టుకుని, "నీ ఉప్పు మంచిదే అవ్వా, నేనే కదిలినానేమో" అంటున్నది. దానికి నిజం ఎవరూ చెప్పవద్దు. లెక్కపెట్టమన్నది నేను. నేనే చెప్పాలి.

ఇట్లు,
మీ అవ్వ
హనుమక్క