నురుగు సబ్బుది కాదు

ఆత్మను వెతుకుతూ ఇరవై ఏళ్లు చదివిన నేను, నా మూత్రాన్ని ఒక్కరోజైనా శ్రద్ధగా చూశానా?

భాగ్యలక్ష్మీ, ఫ్రిజ్‌లోని తెల్ల క్యానులో ఉన్నది చెరుకురసం కాదు. నిన్న పొద్దుటి నుంచి ఈ పొద్దుటి వరకు నేను పోసినదంతా అదే. చుట్టాలకు ఇవ్వకు. పది గంటలకు ల్యాబ్‌లో ఇచ్చిరా. ఈ చీటీ రాసిపెట్టి నేను సాస్తి బొగ్గు గనికి, డ్యూటీకి వెళ్తున్నాను.

పాయిఖానాలో నురుగు చూసి, సబ్బుపొడి ఎక్కువ వేశావని నెల రోజులు నిన్ను తిట్టాను. క్షమించు. కిడ్నీల్లో రక్తాన్ని వడగట్టే సన్నని జల్లెడలు చెడి, ప్రోటీన్ కారిపోతోందని డాక్టర్ అన్నది నువ్వూ విన్నావు. పొద్దున కళ్లు ఉబ్బడం, సాయంత్రం బూట్లు బిగియడం అందుకే. "పుస్తకాల్ల మొఖం వెట్టి పంటే కండ్లు ఉబ్బవా మరి?" అన్న నీ నిర్ధారణ కూడా తప్పే. ఇద్దరం సమానం.

కారణం షుగరా, బీపీయా, నొప్పి గోళీలా అన్నది ఇంకా తేలాలి. గోళీలు వాడుతున్నావా అని డాక్టర్ అడిగితే లేదన్నాను, నువ్వు పక్కనే కూర్చున్నావు గనుక. గనిలో డంపర్ లారీ తోలే నడుము కోసం రోజూ రెండు మింగుతున్నాను. నువ్వు ముట్టవన్న ధైర్యంతో వేదాంత గ్రంథాల వెనుక దాచాను. ఆ గ్రంథాలు నాకు చేసిన మేలు అదొక్కటే.

మరొకటి: డాక్టరుకు నిజం మెసేజ్ పెట్టాను. చెత్త ఎత్తే ఘంటాగాడీ వచ్చింది. గోళీల డబ్బా అందులో పడేసి వచ్చి ఈ వాక్యం రాస్తున్నాను.