బావ సైకిలు పెడలు

చెల్లాయికి, గోళ్లలో గ్రీజు ఇంకా వదలని అన్నయ్య ఆశీస్సులు.

ఆరోజు మా అమ్మాయి సైకిలుకి ఎడమ పెడలు ఊడక నేను కుస్తీ పడుతుంటే, "విప్పడం లేదన్నయ్యా, బిగిస్తున్నావు. ఎడమదానికి మరలు తిరగేసి ఉంటాయి, మీ బావ బుర్రలాగ" అని నవ్వావు. రెండోవైపు తిప్పితే ఊడింది గానీ, నా మొండిపట్టుకి పెడల్ రాడ్డులో మరలు అప్పటికే చితికిపోయాయి. అమ్మాయి డ్యూటీకి ఎలా వెళ్తుందా అని నేను తల పట్టుకుంటే, బావ పోయాక ఎవరినీ తాకనివ్వని ఆయన సైకిలు నుంచి రాడ్డూ పెడలూ విప్పి ఇచ్చావు. నీ మేలు ఎలా మరిచిపోతానమ్మా!

అమ్మాయి రోజూ దానిమీదే ఆసుపత్రికి వెళ్తోంది. ఒక్కటే సంగతి. సందు మలుపులో ఆ పెడలు కిర్రుమంటుంది, అచ్చం బావ ఇంటికొస్తున్నట్టే. ఆదివారం మీ ఇంటికి ఆ సైకిలు మీదే వస్తానంటోంది.

నూనె వెయ్యమంటావా, అలాగే ఉంచమంటావా?