పందిరి మేసిన ఎడ్లు

ఎడపల్లి,
ఫాల్గుణం, 1963

అక్కా,

బావకు జ్వరం తగ్గిందా? మీరు రాలేకపోయిన లోటు తప్ప, మా గంగామణి పెళ్లి బాగా జరిగింది. నిజామాబాద్ నుంచి షామియానా పంపుతానన్నావు. ఆ కిరాయి కూడా నీ మీద వేయడం ఎందుకని నేనే వద్దన్నాను. మా చేలో చెరుకు కొడుతున్నారు కదా, ఆ పచ్చి ఆకుతోనే పందిరి కప్పించాను. ఎంత చల్లగా ఉందో!

మగపెళ్లివారు బండ్లలో వచ్చి, ఎడ్లను పందిరి పక్కనే కట్టేశారు. మేమంతా ఎదురుకోళ్ల సందడిలో ఉండగా అవి అంచులు పట్టి లాగి సగం పందిరి మేసేశాయి. నాకు తల కొట్టేసినట్లయింది. వియ్యపురాలు మాత్రం పడిపడి నవ్వింది.

"మా ఎడ్లకు సుత పెండ్లి బువ్వ పెట్టిండ్రు వదినె! గింత మర్యాద ఎవలు జేస్తరు?"

పుస్తె కట్టే ముందు అయ్యగారు మంత్రాలు చదువుతుంటే, ఎండ సరిగ్గా గంగామణి ముఖం మీద పడింది. అల్లుడు ఎవరూ చెప్పకుండానే తన కండువా తీసి పిల్ల తలకు అడ్డం పట్టాడు. మంత్రాలు అయ్యేదాకా చెయ్యి దించలేదు.

నీ షామియానా ఉంటే నేను ఇది చూసేదాన్ని కాదక్కా.

నీ చెల్లెలు